ఎవరు చేశారో చెప్పే ముందు ఎంత తెలుసో చెప్పండి

తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో డైరెక్టర్ గారికి,



మునగాల నుంచి రాస్తున్నాను. హైదరాబాద్–విజయవాడ హైవే మీద సూర్యాపేట దాటి కోదాడకు పోయేవాళ్లు బస్సు కిటికీలోంచి చూసే ఊరు మాది. మీ బ్యూరో ఇక్కడి జనానికి ఎక్కువగా 1930 నంబరు వల్లే తెలుసు. ఖాతాలో డబ్బులు పోయినప్పుడు ఏడుస్తూ చేసే ఫోను అది. ఇవాళ ఆ పని మీద రాయడం లేదు. డబ్బుల దొంగను పట్టుకోవడం మీకు చేతనవుతుందని చూస్తూనే ఉన్నాం. వచ్చినవాడు డబ్బు కోసం రానప్పుడు సంగతేమిటని నా ప్రశ్న. వాడిని ఒక దేశం పంపిందా, ఒక నినాదం పట్టుకొని తనంతట తానే వచ్చాడా అన్నది మీరు ఎట్లా తేలుస్తారు? తేల్చింది మాకు ఎట్లా చెబుతారు? రెండో ప్రశ్న మీదే నాకు పట్టింపు ఎక్కువ.

పల్లెటూరివాళ్లకు ఈ తర్కం ఎందుకని అనుకోవద్దు. మా చుట్టూ ఏమున్నాయో చూడండి. సాగర్ ఎడమ కాలువ కింద వరి, కాలువ నీళ్లు అందనిచోట బోర్లు. మిర్యాలగూడలో రైస్ మిల్లులు, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. దామరచర్ల దగ్గర వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. ఈ కరెంటంతా ఎప్పుడు ఎటు పంపాలో హైదరాబాద్‌లోని లోడ్ డిస్పాచ్ సెంటర్ చెబుతుంది. ఆ సెంటర్ తలుపు దగ్గర ఎవరో తచ్చాడారన్న వార్త ఒకసారి వచ్చింది.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది చనిపోయారు. వాళ్ల ముందు నిలబడిన 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు, సూర్యాపేటలో విగ్రహం నిలిపారు. లద్దాఖ్ గొడవ అట్లా మా జిల్లా గడప తొక్కింది. అదే గొడవ ఇంకో దారిలోనూ తెలంగాణకు వచ్చిందని 2021 ఫిబ్రవరి 28న తెలిసింది. అమెరికాలోని రికార్డెడ్ ఫ్యూచర్ అనే సైబర్ భద్రతా సంస్థ ఆ రోజు ఒక రిపోర్టు బయటపెట్టింది. 2020 మధ్య నుంచి చైనాతో సంబంధమున్న ఒక బృందం మన విద్యుత్ రంగంలో 10 సంస్థలను గురిపెట్టిందని అందులో రాసింది. దేశంలోని 5 ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్లలో 4 ఆ జాబితాలో ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర సెంటర్ కూడా ఉంది. తర్వాత రెండు మూడు రోజుల్లోనే మన విద్యుత్ సంస్థల నుంచి మాట వచ్చింది: కేంద్రం కింద ఉండే సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించిందని, అనుమానం ఉన్న ఐపీ అడ్రస్‌లను ఆపేశామని, పాస్‌వర్డ్‌లు మార్చామని. కరెంటు పోలేదు. మా ఊళ్లో ఒక్క మోటరు కూడా ఆగలేదు.

ఈ సంఘటన ఎట్లా జరిగిందో నిదానంగా చూడాలి. వచ్చినవాళ్లు పేరు చెప్పుకోలేదు. తెర మీద బొమ్మ పెట్టలేదు, పైసా అడగలేదు, ఇది ఫలానా అన్యాయానికి జవాబు అని ఎక్కడా రాసుకోలేదు. వాడిన షాడోప్యాడ్ అనే సాధనం బజారులో దొరికేది కాదు. చైనా ప్రభుత్వంతో ముడిపడిన బృందాలు కొన్ని దాన్ని తమలో తాము పంచుకుంటాయని పరిశోధకులు చాలా ఏళ్లుగా చెబుతున్నారు. పైగా లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో దొంగిలించి అమ్ముకునే సరుకేమీ ఉండదు, గూఢచారికి పనికొచ్చే రహస్యాలూ తక్కువే. అటువంటి చోట నెలల తరబడి ఎందుకు కాచుకొని కూర్చుంటారు? అవసరం పడ్డ రోజు పనికొస్తుందని చోటు పట్టుకోవడానికేనని రికార్డెడ్ ఫ్యూచర్ అంచనా వేసింది.

అంచనా అన్నాను. ఆ సంస్థ కూడా అంతవరకే చెప్పింది, ఆ రిపోర్టులో నాకు నచ్చింది అదే. పాత చైనా బృందాలు రెండింటితో పోలికలు గట్టిగా కనబడుతున్నా, వాళ్లే వీళ్లని చెప్పడానికి ఆధారం చాలదని, అందుకే రెడ్‌ఎకో అని వేరే పేరు పెడుతున్నామని రాసింది. 2020 అక్టోబర్ 12న ముంబయిలో కరెంటు పోయింది కదా, దానికీ ఈ బృందానికీ లంకె ఉందనడానికి రుజువు లేదనీ రాసింది. అట్లా కరెంటు పోవడాన్ని మహారాష్ట్ర మంత్రి సైబర్ విద్రోహం అన్నారు, కేంద్ర విద్యుత్ మంత్రి మనుషుల పొరపాటు అన్నారు. రెండు ప్రభుత్వాలు చెరో మాట చెప్పిన వారంలో, తనకు తెలిసింది ఎంతవరకో గీత గీసి చెప్పింది ఒక ప్రైవేటు కంపెనీ. ఇట్లా రాసినందుకు నాకు దేశభక్తి తక్కువని ఎవరైనా అంటే అననివ్వండి.

ఇప్పుడు రెండో రకం చూడండి. 2022 జూన్‌లో రాజేంద్రనగర్‌లోని మేనేజ్ వెబ్‌సైట్ మీద దాడి జరిగింది. వ్యవసాయ విస్తరణ అధికారులకు శిక్షణనిచ్చే జాతీయ సంస్థ అది. ఒక టీవీ చర్చలో ప్రవక్త మీద వచ్చిన వ్యాఖ్యలకు నిరసన అంటూ డ్రాగన్‌ఫోర్స్ మలేషియా అనే బృందం మన దేశం మీదికి రమ్మని లోకంలోని హ్యాకర్లందరికీ పిలుపిచ్చింది. దాదాపు 70 వెబ్‌సైట్లు చెడిపోయాయని వార్తలొచ్చాయి. ఇజ్రాయెల్‌లోని మన రాయబార కార్యాలయం సైటు కూడా వాటిలో ఉంది. ఎరువుల మోతాదు, విత్తనశుద్ధి నేర్పే సంస్థకూ ఆ టీవీ చర్చకూ ఏమిటి సంబంధం? ఏమీ లేదు. గడియ పెట్టని తలుపు ఏది దొరికితే దాంట్లో దూరారు. దూరి, గోడ మీద నినాదం రాసి, ఆ ఫొటో తీసి లోకానికి చూపించుకున్నారు. చూపించుకోవడానికే వచ్చారు.

దీన్నే హ్యాక్టివిజం అంటున్నారు. చేసింది నేరమే, కానీ దాని నడక వేరు. దానికి జనం చూడాలి. జనం చూడకపోతే ఆ పనికి అర్థమే లేదు. అందుకే అది పెద్దగా అరుస్తుంది, తొందరగా వెళ్లిపోతుంది. సైటును ఒక పూట ముంచెత్తి ఆపడం, ముఖచిత్రం మార్చడం, ఎక్కడో దొరికిన పాత ఫైళ్లను కొత్తగా దొంగిలించినట్టు పరిచి పెట్టడం దాని పనులు. దేశం పంపినవాడికి జనం చూడటమే ప్రమాదం. వాడు గురి ముందే ఎంచుకుంటాడు, సంపాదించిన చోటును వదలడు. బయటపడ్డ రోజు కూడా నోరెత్తడు, వాడి ప్రభుత్వం తరఫున విదేశాంగ శాఖ ఖండిస్తుంది.

ఇంతవరకు వచ్చి ఆగితే పని సులువే. చప్పుడు చేసినవాడు ఉద్యమకారుడు, చేయనివాడు సర్కారు మనిషి అని ఒక పట్టిక రాసుకొని గోడకు తగిలించుకోవచ్చు. ఆ పట్టిక ప్రభుత్వాలు కూడా చదివాయి. వచ్చిన చిక్కంతా అక్కడే.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో అలిక్విప్ప అని ఒక చిన్న ఊరుంది. 2023 నవంబర్‌లో అక్కడి మంచినీళ్ల సంస్థకు చెందిన ఒక పంపింగ్ స్టేషన్‌లో నీళ్ల ఒత్తిడిని చూసుకునే పరికరం తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. మిమ్మల్ని హ్యాక్ చేశాం, ఇజ్రాయెల్‌లో తయారైన ప్రతి యంత్రమూ మాకు గురే అని దాని సారాంశం. కింద సైబర్ అవెంజర్స్ అని సంతకం. గాజా యుద్ధం మొదలై రెండు నెలలు కాలేదు. పేరు, నినాదం, గొంతు అన్నీ హ్యాక్టివిస్టులవే. ఊరి మీద పగేమీ లేదు, అక్కడున్న యంత్రం యూనిట్రానిక్స్ అనే ఇజ్రాయెల్ కంపెనీది, అంతే. సిబ్బంది ఆ పరికరాన్ని పక్కన పెట్టి చేతితో పంపు నడుపుకున్నారు. ఇది ఇరాన్ రివల్యూషనరీ గార్డ్స్ పనేనని అమెరికా ప్రభుత్వం చెప్పింది, 2024 ఫిబ్రవరిలో ఆ దళానికి చెందిన ఆరుగురు అధికారుల మీద ఆంక్షలు పెట్టింది. సర్కారు మనిషి నిరసనకారుడి అంగీ తొడుక్కొని వచ్చాడన్నమాట. ఇంతకూ లోపలికి ఎట్లా వచ్చాడంటే, అటువంటి పరికరాలకు అప్పట్లో కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్ 1111. చాలాచోట్ల దాన్ని ఎవరూ మార్చలేదు.

ఇది కొత్త ఎత్తు కూడా కాదు. 2015 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో టీవీ5 మోండ్ ప్రసారాలు ఆగిపోయినప్పుడు తెర మీద కనబడ్డ పేరు సైబర్ కాలిఫేట్. ఐసిస్ తీవ్రవాదుల పనేనని లోకమంతా అనుకుంది. దర్యాప్తు చివరికి రష్యా సైనిక గూఢచార సంస్థకు చెందిన బృందం వైపు తిరిగింది. 2014లో సోనీ పిక్చర్స్ మీద పడ్డవాళ్లు తమను శాంతి రక్షకులమని చెప్పుకున్నారు. అమెరికా దర్యాప్తు ఉత్తర కొరియాను చూపించింది.

దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ కూడా ఉంది, అది మన శంషాబాద్ దాకా వచ్చింది. 2023 ఏప్రిల్‌లో అనానిమస్ సూడాన్ అనే బృందం హైదరాబాద్‌తో సహా మన దేశంలోని పెద్ద విమానాశ్రయాల వెబ్‌సైట్లను ముంచెత్తింది. విమానాలు ఎగిరాయి, దిగాయి. సైట్లే కాసేపు మొరాయించాయి. ఆ ఏడాదంతా ఈ బృందం మీద పరిశోధకుల్లో చాలామందికి ఒకటే అనుమానం: సూడాన్ పేరు పైకి, వెనక ఉన్నది రష్యా అని. స్వీడన్ సంస్థ ట్రూసెక్ ఆ మాట ముందుగా అన్నది. కారణాలు బాగానే ఉన్నాయి. రష్యన్ బృందాలతో దోస్తీ, డబ్బు ఖర్చుపెట్టి అద్దెకు తీసుకున్న సర్వర్లు, ఎక్కువగా రష్యాకు గిట్టనివాళ్ల మీద దెబ్బలు. 2024 అక్టోబర్‌లో అమెరికా న్యాయశాఖ అభియోగాలు బయటపెట్టింది. నిందితులు ఇద్దరు. సూడాన్ దేశస్థులు, అన్నదమ్ములు, ఇరవైల్లో ఉన్నవాళ్లు. 35,000కు పైగా దాడులు వాళ్ల ఖాతాలో రాశారు. దేశం అనుకున్నది ఇద్దరు కుర్రాళ్లయి కూర్చుంది. కొండను తవ్వి ఎలుకను పట్టారని నవ్వుకోవచ్చు, కానీ ఆ ఎలుక ఆసుపత్రుల సైట్లు కూడా కొరికింది.

డైరెక్టర్ గారూ, తెలివైనవాళ్లు, ఆధారాలు ఎదురుగా పెట్టుకున్నవాళ్లు కూడా రెండు వైపులా తప్పటడుగు వేసే రంగం ఇది. అటువంటప్పుడు దాడి జరిగిన సాయంత్రమే టీవీలో ‘విదేశీ కుట్ర’ అన్న మాట వినబడితే మేము ఏమనుకోవాలి?

2025 మేలో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. ఆపరేషన్ సిందూర్ నడుస్తున్న ఆ నాలుగు రోజులు. ఇక్కడ యాసంగి వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్లలో కుప్పలు పోసి ఉన్నాయి, కాంటాల కోసం, లారీల కోసం జనం కాచుకొని ఉన్నారు. పాకిస్తాన్ హ్యాకర్లు మన గ్రిడ్‌లో 70 శాతం పడగొట్టారని ఒక మెసేజ్ ఫోన్లలో తిరిగింది. మా దగ్గర ఒక పెద్దాయన ఫోను తెచ్చి చూపించి, ‘కరెంటు పోతే కాంటా ఆగుతదా, మా వడ్లు ఇవాళ అయితయా కావా’ అని అడిగాడు. ఆయన నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. అటు పైన చూడమంటే చూసి, ‘మనకింకా రాలేదేమో’ అన్నాడు. కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ అది అబద్ధమని చెప్పింది. ఆ మాట మా గ్రూపుల్లోకి చేరేసరికి ఇంకో మెసేజ్ దాని మీద ఎక్కి కూర్చుంది, ‘డాన్స్ ఆఫ్ ది హిల్లరీ’ అనే వీడియో తెరిస్తే ఫోను ఖాళీ అవుతుందని. అటువంటి వీడియో ఉందనడానికి ఆధారం ఎవరికీ దొరకలేదు.

ఆ గొడవ సద్దుమణిగాక మహారాష్ట్ర సైబర్ విభాగం ‘రోడ్ ఆఫ్ సిందూర్’ అని ఒక రిపోర్టు తెచ్చింది. 15 లక్షలకు పైగా దాడులు జరిగాయని, పారినవి 150 మాత్రమేనని చెప్పింది. లేనిపోని గొప్పలను కొట్టిపారేసింది కూడా. మంచి పని. కానీ ఏడు ఏపీటీ బృందాలు ఈ పని చేశాయంటూ పేర్లు ఇచ్చిన చోట నేను ఆగిపోయాను. ఏపీటీ అంటే ఈ రంగంలో దేశాల అండ ఉండి, ఓపికగా లోపల తిష్ట వేసే బృందానికి వాడే మాట. జాబితాలో ఏపీటీ36 ఉంది, సరే. పాకిస్తాన్ ప్రభుత్వంతో ముడిపెట్టి పరిశోధకులు ఏళ్లుగా రాస్తున్న బృందం అది. పహల్గాం పేరు పెట్టిన పత్రాలను ఎరగా పంపి అధికారుల కంప్యూటర్లలోకి దూరడానికి ఆ రోజుల్లో చూసింది కూడా. కానీ దాని పక్కనే టీమ్ ఇన్సేన్ పీకే, మిస్టీరియస్ బంగ్లాదేశ్, ఇండో హ్యాక్స్ సెక్ వంటి పేర్లు ఉన్నాయి. సైట్లు ముంచెత్తి, ముఖచిత్రాలు మార్చి, టెలిగ్రామ్‌లో డప్పు కొట్టుకొనే గుంపులుగా పేరుపడ్డవి అవి. ఏడింటినీ ఒకే గాటన కట్టేస్తే 15 లక్షల్లో ఎన్ని అల్లరి, ఎన్ని యుద్ధం అన్నది ఎవరికి తెలుస్తుంది? అసలు భయపడాల్సిన ఒక్కటి ఆ గుంపులో కలిసిపోతుంది. ఏపీటీ36కు కావలసింది కూడా అదే.

పేరు తప్పు పెడితే నష్టం మాటల దగ్గర ఆగదు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ లోకం మీద పడింది, డబ్బు అడిగే వైరస్ వేషంలో. అది రష్యా సైన్యం పని అని అమెరికా, బ్రిటన్ ప్రకటించాక ఇన్సూరెన్సు కంపెనీలు ఒక దారి పట్టుకున్నాయి: ఇది యుద్ధం, యుద్ధ నష్టానికి మేము కట్టం. మందుల కంపెనీ మెర్క్ సుమారు 140 కోట్ల డాలర్ల కోసం కోర్టులో ఏళ్లపాటు కొట్లాడి న్యూజెర్సీలో గెలిచింది. ఆ తర్వాత 2023 నుంచి లండన్‌లోని లాయిడ్స్ మార్కెట్, దేశాల అండతో జరిగే దాడులకు మినహాయింపు పాలసీలోనే రాసుకోవాలని చెప్పింది. రేపు కోదాడలో ఒక మిల్లు యజమాని సైబర్ పాలసీ తీసుకుంటే, మీ ప్రెస్ మీట్‌లో దొర్లిన ‘విదేశీ ప్రభుత్వ హస్తం’ అన్న ఒక్క మాట ఆయన క్లెయిమును ఎగరగొట్టడానికి కాగితంగా పనికొస్తుంది. చట్టంలోనూ అంతే. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 66ఎఫ్ సైబర్ టెర్రరిజం కింద యావజ్జీవం దాకా. వెబ్‌సైట్ మీద నినాదం రాసిన కాలేజీ పిల్లవాడిని ఆ రెండింటి మధ్య ఎక్కడ నిలబెడతారన్నది మొదటి రోజు మీరు ఏ పేరు పెట్టారన్నదాని మీద చాలా ఆధారపడుతుంది.

ఇంకొక నష్టం ఇంట్లోది. పెద్ద శత్రువు పేరు చెప్పగానే చిన్న నిర్లక్ష్యం మాయమవుతుంది. చైనా సైన్యం వచ్చిందంటే, పాస్‌వర్డ్ ఎందుకు మార్చలేదని కింది ఉద్యోగిని గానీ, మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఎవరికిచ్చారని పై అధికారిని గానీ ఎవరూ అడగరు. 2019 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల డిస్కంల కంప్యూటర్లను ఒక ర్యాన్సమ్‌వేర్ పట్టుకుంది, ఆన్‌లైన్‌లో బిల్లులు కట్టడం ఆగింది. దాంట్లో ఏ దేశమూ లేదు, ఏ నినాదమూ లేదు. 2024లో పోలీసు శాఖ హాక్ ఐ యాప్ సమాచారం 150 డాలర్లకు అమ్మకానికి పెట్టినవాడు ఒక విద్యార్థి అని మీ బ్యూరోయే పట్టుకొని చూపించింది. ఆ రోజు మీరు పట్టుకోవడం ఆలస్యమై ఉంటే ఈపాటికి ఎన్ని దేశాల పేర్లు ప్రచారంలో ఉండేవో!

దేశం చేసిందా అన్న ప్రశ్నకు అవును, కాదు అని రెండే జవాబులు కూడా లేవు. మునగాలవాళ్లకు ఇది అర్థం కావడం కష్టం కాదు. ఒకప్పుడు మా పరగణా చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మేము బ్రిటిష్ కృష్ణా జిల్లా ముక్క. 1959 దాకా నల్లగొండ జిల్లాలో కలవలేదు. నిజాం ఇలాకాలో పోలీసులు వెతుకుతున్న మనిషి పొలం గట్టు దాటి ఇటు వస్తే వేరే సర్కారు. అట్లా వచ్చినవాడిని ఈ సర్కారు పంపిందా, పిలిచిందా, చూసీచూడనట్టు ఊరుకుందా, అసలు తెలియనే తెలియదా? నాలుగూ నాలుగు వేర్వేరు సంగతులు. ఇవాళ సర్వర్ల విషయంలో నడుస్తున్నది ఇదే. అమెరికన్ పరిశోధకుడు జేసన్ హీలీ 2012లో దీన్నే పది మెట్లుగా రాశాడు. ఒక చివర, ప్రభుత్వం అడ్డుకుంటున్నా జరిగే దాడి. ఇంకో చివర, ప్రభుత్వ ఉద్యోగులే చేసే దాడి. మధ్యలో ఊరుకోవడం, ఉసిగొల్పడం, సాయం చేయడం, పురమాయించడం. 2022 ఫిబ్రవరిలో రష్యా దండెత్తిన రెండు రోజులకే ఉక్రెయిన్ మంత్రి టెలిగ్రామ్‌లో బహిరంగంగా పిలుపిచ్చి ఐటీ ఆర్మీ పెట్టాడు. లోకంలోని వాలంటీర్లు లక్షల్లో చేరారు. వాళ్లు ఉద్యమకారులా, సైనికులా? ఆ మరుసటి ఏడాది రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ ఇటువంటి పౌర హ్యాకర్లకు ఎనిమిది నియమాలు రాయవలసి వచ్చింది. ఆసుపత్రుల జోలికి పోవద్దన్నది వాటిలో ఒకటి.

మన సంగతి కూడా ఒక మాట అనుకుందాం. 2023 సెప్టెంబర్‌లో కెనడాతో గొడవ వచ్చినప్పుడు ఇండియన్ సైబర్ ఫోర్స్ అనే గుంపు ఆ దేశపు సైన్యం వెబ్‌సైటును కాసేపు ఆపింది. ఇక్కడ వాట్సాప్‌లో చప్పట్లు. వాళ్ల కుర్రాళ్లు చేస్తే పొరుగు ప్రభుత్వం కుట్ర, మన కుర్రాళ్లు చేస్తే ఆవేశం. ఒట్టావాలో కూర్చున్నవాడికి అది భారత ప్రభుత్వం పనిలాగే కనబడదా? కొలబద్ద ఒకటే ఉండాలి. అది చెప్పవలసింది కూడా మీవంటి సంస్థలే. మన పిల్లలు అటువంటి గుంపుల్లో చేరినప్పుడు వాళ్లకు చెప్పే పెద్ద దిక్కు ఇంకెవరూ లేరు.

గ్రిడ్ వంటివాటి భద్రత ఢిల్లీలోని ఎన్‌సీఐఐపీసీ చూసుకుంటుందని, దాడి జరిగితే ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 నుంచి నిబంధన ఉందని తెలుసు. అయినా మాకు దగ్గరి గడప మీదే, మా భాషలో మాట్లాడేదీ మీరే. అందుకే అడుగుతున్నాను.

మొదటి రోజు ప్రకటనలో మూడు విషయాలు విడివిడిగా చెప్పండి. ఏం జరిగింది, ఎవరు మేమే చేశామంటున్నారు, మీకు ఏమని నమ్మకంగా ఉంది. మూడోదానికి పక్కన ఆ నమ్మకం ఎంతో కూడా చెప్పండి: గట్టిగానా, కొంతవరకా, ఇంకా తెలియదా. తెలియదంటే చులకన అవుతామని భయపడవద్దు. 2019 అక్టోబర్ 29న కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం దాడి జరగలేదని చెప్పింది, మర్నాడే ఆఫీసు నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్‌లో వైరస్ దొరికిన మాట నిజమేనని దాన్ని నడిపే ఎన్‌పీసీఐఎల్ ఒప్పుకోవలసి వచ్చింది. ఆ వైరస్‌ను పరిశోధకులు ఉత్తర కొరియా బృందంతో కలిపి చూశారు. ముందు రోజే ‘చూస్తున్నాం’ అని ఉంటే పోయేదేమీ లేదు.

మీ అంచనా తర్వాత మారితే ఆ సంగతి మొదటి ప్రకటన ఎంత గట్టిగా ఇచ్చారో అంతే గట్టిగా చెప్పండి. శంషాబాద్ సైటును ముంచిన కేసులో నిందితులు ఇద్దరు అన్నదమ్ములన్న వార్త ఇక్కడ ఎంతమంది చదివారు?

దర్యాప్తు ముగిశాక తెలుగులో ఒక నివేదిక ఇవ్వండి. కొత్తగా నేర్చుకోవలసిన పని లేదు. 2022 జనవరిలో మహేశ్ బ్యాంక్ నుంచి 12.48 కోట్లు కొట్టేసిన కేసులో హైదరాబాద్ పోలీసులు ఆ మార్చిలో ఎట్లా చెప్పారో చూడండి. ఉద్యోగులకు వచ్చిన దొంగ మెయిళ్ల దగ్గరి నుంచి బ్యాంకు రక్షణలో ఉన్న బొక్కల దాకా విప్పి చెప్పారు. తర్వాత రిజర్వ్ బ్యాంక్ ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. బయటి దొంగ పేరు చెబుతూనే లోపలి లోపం కూడా చెప్పిన కేసు అది. దేశాల అండతో జరిగే దాడుల్లో అన్నీ చెప్పలేరని ఒప్పుకుంటాను. ఏ దారిలో వచ్చారు, ఎన్నాళ్లు ఉన్నారు, ఏం అడిగారు లేక ఏమీ అడగలేదు అన్నవి చెబితే శత్రువుకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. అతనికి అవి ముందే తెలుసు. తెలియనిది మాకే.

చివరిగా, అలిక్విప్ప కథ చదివినప్పటి నుంచి నన్ను వదలని సంగతి. మా మండలంలోని సబ్‌స్టేషన్లలో, మిషన్ భగీరథ పంపుల దగ్గర, ఎత్తిపోతల దగ్గర దూరం నుంచి నడపగల పరికరాలు ఎన్ని ఉన్నాయి? వాటిలో ఎన్నింటికి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఇంకా ఉంది? ఇది తేల్చడానికి చైనా, ఇరాన్, పాకిస్తాన్ ఎవరి సంగతీ తెలియనక్కర లేదు. ఒక జిల్లాలో మొదలుపెట్టి లెక్క తీయించండి. ఆ జిల్లా సూర్యాపేట కావాలని కోరుతున్నాను. లెక్క తేలిన రోజు ఎన్ని మార్చారో, ఎన్ని మిగిలాయో అంకెలతో పత్రికలకు ఇవ్వండి.

భవదీయుడు,
మునగాల మండల వాసి, మీ పత్రికా ప్రకటనల పాఠకుడు